కదిలే మరక

ఆ వారంలో అది మూడోసారి. తల్లి పొయ్యి మీద పాలు పెట్టి ముందు గదిలోకి వచ్చేసరికి భర్త కళ్ళజోడు తీసి, ముక్కు నులుముకుంటూ కూర్చుని ఉన్నాడు. ఎదురుగా మానిటర్ మీద ఎవరిదో బిల్లుపుస్తకం పేజీ తెల్లగా వెలుగుతోంది.

"మళ్ళీ వచ్చింది. నిన్న నువ్వు సరిగ్గా తుడిచినట్టు లేవు," అన్నాడు.

ఆమె మెత్తటి గుడ్డ తడిపి, గట్టిగా పిండి తెచ్చింది. ఎక్కడండీ అని అడిగితే వేలు పెట్టి చూపించాడు. బూడిదరంగు మరకట. చొక్కా గుండీ అంత ఉందట. దాని దగ్గరికి వచ్చిన గీతలు కాస్త వంగుతున్నాయట. ఆమెకు అక్కడ వెలుగు తప్ప ఏమీ కనిపించలేదు. అయినా తుడిచింది. ఆయన కళ్ళజోడు పెట్టుకుని చూసి, ఇప్పుడు కాస్త పక్కకు జరిగిందన్నాడు.

నాకేమీ కనిపించడం లేదన్న మాట ఆమె నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయింది. ఆమె ఏడో తరగతితో చదువు ఆపేసిన మనిషి. ఆయన ఇరవై రెండేళ్ళుగా ప్రెస్సులకు పేజీలు కూర్చిపెడుతున్నవాడు. గీత వెంట్రుకవాసి పక్కకు పోయినా పట్టేసే కన్ను ఆయనది. అలాంటివాడు మరక ఉందంటే ఉన్నట్టే. కంప్యూటర్లో మరక చూడాలన్నా ఏదో చదువు కావాలి కాబోలు అనుకుంది.

"గడుగ్గాయిని పిలువు. అది చూస్తే చెప్తుంది," అన్నాడాయన.

గడుగ్గాయి అంటే వాళ్ళ ఒక్కగానొక్క కూతురు. డిగ్రీ రెండో సంవత్సరం. ఇంట్లో వైరు ఊడినా, ఫోను మొరాయించినా దాని చేతికే ఇవ్వాలి. పగలంతా తండ్రి పని చేసుకునే ఆ కంప్యూటర్ మీదే సాయంత్రం రెండు గంటలు ఆటలు ఆడుకుంటుంది. చెవులకు పెద్ద డిప్పలు పెట్టుకుని ఎవరెవరితోనో "వెనక ఉన్నాడు, వెనక ఉన్నాడు" అంటూ ఉంటే, ఈ ఇంటి వెనక ఎవరున్నారోనని తల్లి రెండుమూడు సార్లు పెరటి తలుపు తీసి చూసింది కూడా.

తల్లికి భయాలు ఎక్కువ. ప్లగ్గు కాలుతుందని భయం, కూర్చుని కూర్చుని పిల్లకు మెడ వంగిపోతుందని భయం. అన్నిటికన్నా పెద్ద భయం దాని కళ్ళ గురించి. వారానికొకసారి కూతుర్ని గుమ్మం దగ్గర నిలబెట్టి, గోడ మీది క్యాలెండర్‌లో చిన్న అక్షరాలు చదివించేది. కూతురు గడగడా చదివేసి, "పాసయ్యానా టీచర్?" అనేది. ఆ నవ్వులోనైనా పక్క కుర్చీలో ఉన్న భర్తను కూడా ఓసారి చదవమనాలని ఆమెకు ఏనాడూ తోచలేదు.

కూతురు తల దువ్వుకుంటూ వచ్చి మానిటర్ ముందు వంగింది. తండ్రి వేలు పెట్టి చూపించాడు. దువ్వెన జుట్టులోనే ఆగిపోయింది. కాసేపు చూసింది.

"ఉంది నాన్నా. నాకూ కనిపిస్తోంది."

"చెప్పానా," అన్నాడాయన భార్యతో. "నిన్నేమో ఈ మూల ఉంది. ఇవాళ ఇక్కడ."

ప్యానెల్ పాతబడితే మరక అలాగే తిరుగుతుందని, ఇక ఈ మానిటర్ ఎన్నాళ్ళో రాదని కూతురు చెప్పింది. ఆయన తల ఊపాడు. ఆ డబ్బా పేలుతుందేమోనని తల్లి అడిగింది. ఇద్దరూ నవ్వారు. పొయ్యి మీద పాలు పొంగాయి.

కుట్టుమిషనుకు మోటారు పెట్టించుకుందామని ఆమె దాచుకున్న పన్నెండు వేలు బయటికి వచ్చాయి. అంతకు మించి ఒక్క పైసా లేదని ముందే చెప్పేసింది. ఆ పన్నెండు వేలలోనే ఆయన పేజీలు, కూతురి ఆటలు రెండూ ఇమడాలి.

అక్కడి నుంచి ఇల్లు ఇల్లులా లేదు. కంచాల ముందు కూర్చున్నా మానిటర్ మాటే. ఆయనకు తెర పెద్దది కావాలి, ఇరవై ఏడు అంగుళాలు. అక్షరాలు ఈమధ్య మరీ సన్నగా అనిపిస్తున్నాయన్నాడు. మన డబ్బుకు వచ్చే ఇరవై ఏడులో అక్షరాల అంచులు గరుకుగా ఉంటాయి, ఇరవై నాలుగులోనే తేటగా ఉంటాయని కూతురి వాదన. దానికి కావలసింది వేరే ఉంది. మామూలు మానిటర్‌లో బొమ్మ సెకనుకు అరవైసార్లు మారుతుంది, నూట నలభై నాలుగుసార్లు మారేది కావాలంది. ఎందుకని తల్లి అడిగింది.

"ఎదుటివాడు మూల తిరిగేది అరవైలో ఆలస్యంగా తెలుస్తుందమ్మా. తెలిసేలోపు నేను చచ్చిపోతాను."

"అలాంటి మాటలు అన్నం దగ్గర అనకు," అంది తల్లి.

రంగులు పక్క నుంచి చూసినా మారకుండా ఉండే రకం ఒకటుందని, దానికి ఐపీఎస్ అని పేరని, నాన్న పనికీ అదే మంచిదని కూతురు కాగితం మీద రాసి గోడకు అంటించింది. స్టాండు పైకీ కిందికీ జరగాలని ఇంకో వరుస రాసింది. ఆ గుణాలన్నీ ఉన్నది ఒకటే దొరికింది. పదమూడున్నర వేలు. పది రోజులు ఆగితే ధర తగ్గుతుందంది. పది రోజులు ఆగారు. తగ్గలేదు. నెలాఖరుకు తప్పకుండా తగ్గుతుందంది. అలా అలా రెండు నెలలు గడిచాయి.

ఆ రెండు నెలల్లో చిన్న చిన్నవి కొన్ని జరిగాయి. విజిటింగ్ కార్డుల్లో ఫోను నంబరులో ఎనిమిది ఉండాల్సిన చోట మూడు పడింది. ప్రెస్సు యజమాని అయిదువందల కార్డులు తిప్పి పంపాడు. ఆయన మానిటర్‌ని తిట్టుకున్నాడు. సూదిలో దారం ఎక్కించి ఇవ్వమంటే, పెళ్ళైన నాటి నుంచీ ఆ పని చేసి పెట్టే మనిషి, ఇప్పుడు చేతులు ఖాళీ లేవన్నాడు. ఒకసారి టీ గ్లాసు బల్ల అంచున పెట్టబోయి కింద వదిలేశాడు. పని ఎక్కువై చికాకు పడుతున్నాడని తల్లి అనుకుంది. ఆయనకు అయిదేళ్ళుగా చక్కెర జబ్బు. మాత్ర మింగేదాకా ఆమె ఎదుటే నిలబడి ఉండేది. ఇక దిగులెందుకని ఆ వైపు చూడడం మానేసింది.

చివరికి ధర దిగింది. ముగ్గురూ దుకాణానికి వెళ్ళారు. దాన్నీ, అదే ధరలో కొత్తగా వచ్చిన ఇంకొకదాన్నీ పక్కపక్కన వెలిగించి పెట్టారు. ఏది తేటగా ఉందో చెప్పమని కూతురు అడిగింది. ఆయన ఒకదాని ముందు నిలబడ్డాడు, రెండోదాని ముందు నిలబడ్డాడు. తల అటూ ఇటూ తిప్పి, రెండూ ఒకటేలా ఉన్నాయే, నీకు నచ్చింది తీసుకో అన్నాడు. కూతురు మొహం వెలిగిపోయింది. కూతురి కోసం తన ఇష్టం వదులుకున్నాడనుకుంది తల్లి. ఆయన మంచితనానికి దారిపొడుగునా మురిసిపోయింది.

కొత్త మానిటర్ మీద రెండు రోజులు పని హాయిగా సాగింది. వెలుగు ఎక్కువగా ఉందని, అక్షరాలు పెద్దవి చేసుకున్నానని చెప్పాడు. మూడో రోజు పొద్దున తల్లి టీ తెచ్చేసరికి ఆయన కుర్చీ వెనక్కి తోసి నిలబడి ఉన్నాడు.

"మోసం చేశారు. దీన్లోనూ ఉంది."

కూతురు కాలేజీకి బయల్దేరుతూ గుమ్మంలో ఆగిపోయింది. అది అలా తెల్లబోయిన మొహంతో నిలబడడం తల్లి ఎన్నడూ చూడలేదు. ఒకటి రెండు రోజులు చూద్దాం నాన్నా అని గొణిగింది. ఆయన వినలేదు. పన్నెండు వేలు మీ అమ్మ ఒక్కొక్క బొత్తం కుట్టి దాచుకున్న డబ్బు, ఆ దుకాణంవాడి సంగతి ఇప్పుడే తేలుస్తానన్నాడు. నువ్వూ రా, నీకైతే వాడితో మాట్లాడడం వచ్చు అని కూతుర్ని కూడా బయల్దేరదీశాడు. మానిటర్‌ని మళ్ళీ అట్టపెట్టెలో పెట్టి బస్సెక్కారు. పెట్టె ఆయన ఒళ్ళో ఉంది. కూతురు కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చుంది. దుకాణంవాడు దెబ్బలాడతాడేమో, ఆయన చేయి చేసుకుంటాడేమో, పోలీసుల దాకా పోతుందేమోనని తల్లి తన లెక్కలో తాను ఉంది.

దుకాణంలో రిపేర్లు చూసే మెకానిక్ నెమ్మదస్తుడు. మానిటర్ బల్ల మీద పెట్టి తెర మొత్తం తెలుపు చేశాడు. తర్వాత ఎరుపు, తర్వాత ఆకుపచ్చ. భూతద్దం పెట్టి మూలమూలా వెతికాడు. ఎక్కడుందో చూపించమన్నాడు. ఆయన నడిమధ్య వేలు పెట్టాడు. మెకానిక్ అక్కడ ఒక చిన్న కాగితం ముక్క అంటించాడు.

"ఇప్పుడు ఈ పై మూల చూడండి సార్. మరక ఎక్కడుంది?"

"ఇప్పుడు ఆ మూలకే పోయింది."

"కింద?"

"కిందికి వచ్చింది. అదే కదా నేను చెప్పేది, ఇది కుదురుగా ఉండదు."

మెకానిక్ తెర ఆపేశాడు. దుకాణం వెనక గోడకు కొత్తగా సున్నం వేసి ఉంది. అక్కడ చూడమన్నాడు. ఆయన చూశాడు. చాలాసేపు చూశాడు. చెయ్యి మెల్లగా బల్ల అంచుకు ఆనించుకున్నాడు.

"తెర మీద మరక కదలదు సార్," అన్నాడు మెకానిక్. గొంతు బాగా తగ్గించాడు. "మీరు ఎక్కడ చూస్తే అక్కడికి వస్తోందంటే, ఒకసారి కళ్ళ డాక్టరుకు చూపించండి."

ఆయన నవ్వబోయాడు. కూతురు వైపు తిరిగాడు. "అదెలా? పాతదాన్లో మా అమ్మాయికీ కనిపించింది. చెప్పవే గడుగ్గాయీ."

అది అట్టపెట్టె మూత సర్దుతోంది. ఆయన మళ్ళీ అడిగాడు. ఈసారి గొంతులో బతిమాలుతున్నట్టు ఏదో ఉంది.

"కనిపించలేదు నాన్నా," అంది కూతురు. "నాకు ఏనాడూ కనిపించలేదు."

కళ్ళాసుపత్రి ఆ వీధి చివరే ఉంది. తల్లి చేతిలో చీటీ, ఆయన కళ్ళజోడు. గదిలోంచి గదికి పంపుతుంటే ఆ కళ్ళజోడు పట్టుకుని వెనకే నడిచింది. అంతకు మించి ఆమె చెయ్యగలిగింది లేదు. డాక్టరమ్మ ఆయన కంట్లో చుక్కలు వేసి, గళ్ళ కాగితం చూపించి, లోపలి ఫొటోలు తీసింది. చక్కెర వల్ల కంటి వెనక పొరలో నీరు చేరిందని చెప్పింది. రెండు కళ్ళలోనూ ఉంది, కుడికంట్లో ఎక్కువ. చూపుకు నడిమధ్య చోటే దెబ్బ తిన్నది. మాత్రలు మింగుతున్నా ఏటా కళ్ళు చూపించుకోవాలని మీకెవరూ చెప్పలేదా అని అడిగింది. చెప్పే ఉంటారు. ఆమెకే గుర్తులేదు.

మరక ఎన్నాళ్ళ నుంచి ఉందని డాక్టరమ్మ అడిగింది. రెండున్నర నెలలని ఆయనే చెప్పాడు.

"అప్పుడే వచ్చి ఉంటే చాలావరకు నిలిపేవాళ్ళం," అందామె. "ఇప్పుడు నెలనెలా సూది వేస్తాం. ఉన్నది పోకుండా చూడడం మొదటి పని. పోయింది ఎంత తిరిగొస్తుందో నేను మాట ఇవ్వలేను."

సూది ఎక్కడ వేస్తారని తల్లి అడిగింది. కంట్లోనే అని తెలిశాక కుర్చీ పట్టుకుని నిలబడింది. పిడుగు పడుతుందని, లారీ గుద్దుతుందని, పాలలో బల్లి పడుతుందని ఇన్నేళ్ళు భయపడింది. ఇది మాత్రం ఆమె ఎదురుగా, రోజూ టీ ఇచ్చే చోట కూర్చుని ఉంది.

ఇంటికి వచ్చాక ఆయన మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు. తల్లి కూతుర్ని వంటింట్లోకి లాక్కెళ్ళింది. ఎందుకలా చెప్పావని అడిగింది. కూతురు అన్నీ చెప్పేసింది. దాని జట్టులో నలుగురున్నారట. నీ తెర నత్తలా ఉంది, నీవల్లే ఓడిపోతున్నాం, మార్చకపోతే ఇంకొకరిని చేర్చుకుంటామన్నారట. ఆటకోసం కొనమంటే ఇంట్లో ఎవరూ కొనరు. నాన్న మరక అనగానే దేవుడిచ్చినట్టు అనిపించిందట. మరక లేదని తెలిసినా, ఆయన కళ్ళజోడు మురికిగా ఉందేమో, దానికేముందిలే అనుకుందట.

"ఒక ఆటకోసం," అంది తల్లి. "ఒక ఆటకోసం మీ నాన్న కళ్ళు."

"నాకు తెలుసా అమ్మా అది కళ్ళని?"

"తెలియకపోతే లేదని చెప్పాలి. ధర తగ్గుతుంది, ధర తగ్గుతుందని రెండు నెలలు ఆపావే. నీ నోటితో నువ్వే ఆపావే."

కూతురు వెక్కుతూ గోడకు ఆనుకుంది. తర్వాత తలెత్తి తల్లిని సూటిగా చూసింది.

"నువ్వూ చూశావుగా. రోజూ గుడ్డ పట్టుకుని తుడిచావుగా. నీకు మరక కనిపించిందా?"

తల్లి పొయ్యి వైపు తిరిగింది.

"కనిపించలేదు కదా. మరి నువ్వెందుకు చెప్పలేదు?"

కొట్టడానికి లేచిన చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో ఆమెకు తెలియలేదు. ఇరవై ఏళ్ళుగా ఈ ఇంట్లో ఎవరు ఏం చెప్పినా, నాకేం తెలుసులే అని తల ఊపడం అలవాటు. మిగతావాళ్ళు తెలిసి అబద్ధం ఆడారో, తెలియక పొరపాటు పడ్డారో. ఆ గదిలో నిజంగా సరిగ్గా చూసింది తను. తన కళ్ళు బాగానే ఉన్నాయి. వాటిని నమ్మింది మాత్రం ఎవరూ లేరు, తనతో సహా. పొయ్యి ముందే చతికిలబడి, నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని ఏడ్చింది. కూతురు కాసేపు చూసి, వచ్చి పక్కన కూర్చుంది. తల్లి దాన్ని దగ్గరికి తీసుకోలేదు, దూరంగానూ తోయలేదు.

ఆయన కూతుర్ని ఒక్క మాట అనలేదు. అంటే బాగుండునని తల్లికి అనిపించేది. మొదటి సూది అయింది. రెండోది అయింది. ప్రెస్సు పని సగానికి తగ్గింది. కాలేజీ నుంచి వచ్చి కూతురే పేజీలు కూర్చేది. ఆయన పక్కన కుర్చీ వేసుకుని ఎక్కడ ఎంత ఖాళీ వదలాలో చెప్పేవాడు. అంకెలు తల్లి చూసేది. కాగితం ఒక చేత్తో పట్టుకుని, తెర మీద వేలు పెట్టి, ఒక్కొక్కటీ పైకి చదివేది. తప్పనిపిస్తే తప్పని చెప్పడం మొదట్లో ఆమెకు నోరు రాలేదు. ఇప్పుడిప్పుడే వస్తోంది. అమ్మాయి ఆటలు మానేసింది. ఎవరూ మానమనలేదు. మానిటర్ తిరిగి ఇచ్చేద్దామంటే, ఉంచమన్నాడు తండ్రి.

ఒక ఆదివారం పొద్దున కూతురు కంచం ముందు నుంచి సగంలో లేచిపోయింది. పెరట్లో నీళ్ళ తొట్టి దగ్గర నిలబడి ఉంటే తల్లి వెళ్ళి అడిగింది.

"నాన్న నా మొహం చూడట్లేదమ్మా," అంది. "నాతో మాట్లాడేటప్పుడు గోడని చూస్తాడు. తలుపుని చూస్తాడు. రెండు నెలలైంది. తిట్టినా పడతాను. ఇలా నా వల్ల కాదు."

తల్లి కూడా అది గమనించింది. కూతురు ఎదురుగా నిలబడితే ఆయన మొహం అటు తిప్పేస్తున్నాడు. క్షమించలేకపోతున్నాడని, క్షమించమని అడిగే హక్కు తనకు లేదని నోరు మూసుకుని ఉంది. ఇంకెన్నాళ్ళు ఊరుకోవాలి? తడి చేతులతోనే ముందు గదిలోకి వెళ్ళింది. కూతురు వెనకే వచ్చి గుమ్మంలో ఆగింది.

"ఏవండీ, తప్పు నాది కూడా. మరక లేదని నాకు మొదటి రోజే తెలుసు. కోపం ఉంటే నామీద కూడా చూపించండి. దాని మొహం చూడకుండా చంపకండి పిల్లని."

ఆయన అర్థం కానట్టు తల ఎత్తాడు. "ఎవరు చూడట్లేదు?"

"మీరే. అది మాట్లాడితే పక్కకు తిరుగుతారు."

ఆయన అరచేతులు మోకాళ్ళ మీద రుద్దుకున్నాడు.

"నేరుగా చూస్తే దాని మొహం ఉండదు," అన్నాడు. "జుట్టు కనిపిస్తుంది. చెవులు కనిపిస్తాయి. మధ్యలో ఏమీ ఉండదు. కాస్త పక్కకు చూస్తే, అప్పుడు ఒక ఓరకు వస్తుంది. దాన్ని చూడడానికే అటు తిరుగుతున్నా."

ఆ సంగతి ఇన్నాళ్ళూ తనకెందుకు చెప్పలేదని తల్లి అడగాలనుకుంది. చెబితే నువ్వు భయపడతావని అంటాడు. అది ఆమెకు అడగకుండానే తెలుసు.

గుమ్మంలోంచి కూతురు మెల్లగా వచ్చి ఆయన ఎదురుగా నేల మీద కూర్చుంది.

"అయితే నువ్వు తలుపు చూడు నాన్నా. నేనే జరుగుతా."

ఆయన తలుపు వైపు చూశాడు. అది కూర్చున్న చోటు నుంచి కొంచెం ఎడమకు జరిగింది. ఇక్కడా అని అడిగింది. ఇంకొంచెం ఇటు అన్నాడు. మరికాస్త జరిగింది. ఎక్కువైంది, వెనక్కి పో అన్నాడు. అది మోకాళ్ళ మీద అంగుళం అంగుళం జరుగుతూ, మధ్యమధ్య చేత్తో మొహం తుడుచుకుంటూ ఉంది. ఏం చేస్తే సాయం అవుతుందో తల్లికి తెలియలేదు. కిటికీ తెర పక్కకు లాగి గదిలోకి ఇంకాస్త వెలుగు రానిచ్చింది.

"ఆగు. అక్కడే ఉండు," అన్నాడాయన.

ఎవరూ కదలలేదు. ఆయన కళ్ళు తలుపు మీదే ఉన్నాయి. చెయ్యి మాత్రం ముందుకు చాచి, తడుముకోకుండా కూతురి చెంప మీద పెట్టాడు.

"ముక్కు అలా ఎర్రగా చేసుకున్నావేంటే," అన్నాడు. "లే, వెళ్ళి కడుక్కో."

దాని ముక్కు నిజంగానే ఎర్రగా ఉంది.